పాము కరిస్తే: పొలం గట్టు నుంచి ఐసీయూ దాకా ఏ వరుసలో ఏం చేయాలి

పాము కరిచిన మనిషి ప్రాణం ఎక్కువగా రెండు దారుల్లో పోతుంది. ఒకటి, కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగిపోవడం. రెండోది, రక్తానికి గడ్డకట్టే గుణం పోయి లోపల్లోపల కారిపోవడం, ఆ వెంటే కిడ్నీలు దెబ్బతినడం. కరిచింది ఏ పామో తెలియకపోయినా ఊపిరినీ, రక్తాన్నీ కనిపెట్టుకుని ఉంటే వైద్యం నడిపించవచ్చు. పామును వెతకడంలో, చంపడంలో, మంత్రగాడి ఇంటి ముందు కూర్చోవడంలో గంటలు పోతే మాత్రం ఎంత పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లినా ఆ గంటలు తిరిగి రావు.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఏటా సగటున 58,000 మంది. అందులో దాదాపు సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపే, ఎక్కువ భాగం పల్లెల్లోనే. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. నాట్లు వేసే కాలం, కలుపు తీసే కాలం, వేరుశనగ పీకే కాలం, రాత్రిపూట మోటారు వేయడానికి చీకట్లో గట్టు మీద నడిచే కాలం. కాటు పడేది సరిగ్గా అప్పుడే.

ఇందులో మొదటి సగం ఇంట్లోవాళ్లకు, పొలంలో పక్కన ఉన్నవాళ్లకు. రెండో సగం పీహెచ్‌సీలో, ఏరియా ఆసుపత్రిలో డ్యూటీలో ఉండే డాక్టర్లకు, స్టాఫ్ నర్సులకు. మందుల మోతాదులు ఉన్న భాగాన్ని ఇంట్లో ప్రయత్నించడానికి వాడకండి.

నాలుగు పాములు

మన దగ్గర ప్రాణం తీసే కాట్లలో ఎక్కువ భాగం నాలుగు పాములవి. నాగుపాము, కట్లపాము నరాల మీద పనిచేస్తాయి. రక్తపింజర, చిన్నపింజర రక్తం మీద పనిచేస్తాయి. రక్తపింజరను కొన్ని ప్రాంతాల్లో పొడపాము అంటారు. మన ఆసుపత్రుల్లో దొరికే విరుగుడు మందు ఈ నాలుగింటికీ కలిపి చేసినదే. అందుకే పాము పేరు తెలియకపోయినా ఆ మందు ఇవ్వవచ్చు.

నాగుపాము, రక్తపింజర కాట్లు దాగవు. నొప్పి, వాపు వెంటనే మొదలవుతాయి. కట్లపాము సంగతి వేరు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు కోరల గుర్తు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, గొంతు పట్టేసినట్టుండటం, కళ్లు తెరవలేకపోవడం. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుంటారు, ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ సూదే ఇస్తాడు. వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషి తెల్లారేసరికి కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోతుంటే అది కట్లపాము కాటు కాదని తేలేవరకు కట్లపాము కాటే అనుకోండి. ఒంటి మీద గాటు లేదని ఆగకండి.

తూర్పు కనుమల అడవుల్లో గిరినాగు ఉంది, వెదుళ్ల మధ్య పచ్చటి పింజర ఉంది, సముద్రంలో వలల్లో పడే పాములు ఉన్నాయి. మామూలు విరుగుడు వీటికి చేసినది కాదు. అలాంటి కాటు అయితే పామును చూసినవాళ్లు ఆ మాట డాక్టరుతో ముందే చెప్పాలి.

కరిచిన చోటే చేయాల్సినవి

ముందు మనిషిని పాముకు దూరంగా జరపండి. పామును తరమకండి. దాన్ని చంపబోయి రెండో మనిషి కాటు తినడం మామూలుగా జరిగే పనే. తెగిన తల కూడా కొంతసేపటి వరకు కరవగలదు. దూరం నుంచి ఫోన్‌లో ఫొటో దొరికితే మంచిదే, దొరక్కపోతే వదిలేయండి.

తర్వాత కూర్చోబెట్టండి, లేదా పడుకోబెట్టండి. నడవనివ్వకండి, పరుగెత్తనివ్వకండి. విషం చాలావరకు చర్మం కిందుగా, కండరం కదిలినప్పుడల్లా ముందుకు పాకుతుంది. కాలు కదలకుండా ఉంటే ఆ పాకుడు నెమ్మదిస్తుంది. చెయ్యి అయినా కాలు అయినా ఎముక విరిగినప్పుడు కట్టినట్టే కర్ర ముక్కో, మడిచిన అట్టో ఆనించి, తువ్వాలుతో వదులుగా కట్టండి. కట్టు కింద వేలు సులువుగా దూరాలి.

ఉంగరం, గాజులు, వాచీ, మొలతాడు, కాలి పట్టీలు, మెట్టెలు వెంటనే తీసేయండి. గంటలో వాపు వస్తే ఇవే ఉరితాళ్లవుతాయి. మెట్టె తీయడానికి మనసొప్పక ఆగిపోయి, చివరికి వేలే పోగొట్టుకునే పరిస్థితి రాకూడదు.

కరిచిన సమయం రాసుకోండి. వాపు అంచు ఎక్కడుందో పెన్నుతో గీత గీసి, పక్కన టైము వేయండి. ఈ ఒక్క గీత డాక్టరుకు ఎంతో పనికొస్తుంది. అరగంట తర్వాత వాపు ఎంత పైకెక్కిందో దాన్ని బట్టే తెలుస్తుంది.

ఇక చేయకూడనివి. తాడు బిగించకండి. తాడు విషాన్ని పూర్తిగా ఆపదు, పైగా రక్తం అందక కాలు కుళ్లుతుంది. విప్పిన క్షణాన ఆగి ఉన్న విషమంతా ఒక్కసారిగా ఒంట్లోకి దూకుతుంది. గాటు కోయకండి. రక్తపింజర కాటైతే ఆ కోసిన చోటు నుంచి కారే రక్తం ఆగదు. నోటితో పీల్చకండి, ఐసు పెట్టకండి, పసరు పూయకండి, పసుపు సున్నం పెట్టకండి. వేపాకో మిరపకాయో నమిలించి చేదు, కారం తెలుస్తోందా లేదా అని చూసే పద్ధతికి విషంతో సంబంధం లేదు. మింగే శక్తి తగ్గుతున్న మనిషి నోట్లో అలాంటివి పెడితే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ కారణంగానే మందు గానీ, సారా గానీ, టీ గానీ తాగించకండి. నొప్పికి ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ ఇవ్వకండి, రక్తస్రావం ఎక్కువవుతుంది. పారాసిటమాల్ ఇవ్వవచ్చు, అదీ మింగగలిగితేనే.

ఎవరైనా అప్పటికే తాడు కట్టేసి ఉంటే? దారిలో విప్పకండి. సెలైన్, విరుగుడు, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ సిద్ధంగా ఉన్నచోట డాక్టరే విప్పాలి.

మంత్రం వేస్తే బతికినవాళ్లు ఉన్నారుగా అనే మాట ప్రతి ఊళ్లో వినిపిస్తుంది. కరిచే పాముల్లో చాలావాటికి విషం ఉండదు. విషమున్న పాము కరిచినా కొన్నిసార్లు విషం దిగదు. వాళ్లు మంత్రం లేకపోయినా బతికేవాళ్లే. మంత్రగాడిని తిట్టి ఊరితో గొడవ పెట్టుకోవాల్సిన పని లేదు. ‘ముందు ఆసుపత్రి, ఆ తర్వాత మీ ఇష్టం’ అని చెప్పి బండెక్కించండి. ఒప్పించగలిగితే ఆయన్నే మీతో బండిలో ఎక్కించుకోండి, ఊళ్లో ఆయన మాట చెల్లుతుంది.

బండిలో

108కి ఫోన్ చేయండి. అది రావడానికి ఆలస్యమయ్యేలా ఉంటే ఆటో, ట్రాక్టరు, బైకు ఏది దొరికితే దాన్ని వాడండి. బైకైతే మధ్యలో రోగిని, వెనక పట్టుకోవడానికి ఒకరిని కూర్చోబెట్టండి. రోగి తానే బైకు నడుపుకుంటూ వెళ్లకూడదు. కదలిక ఒక కారణం, దారిలో కళ్లు మూతపడటం ఇంకో కారణం. బయలుదేరే ముందే పీహెచ్‌సీకి ఫోన్ చేసి ‘పాముకాటు కేసు వస్తోంది, పాము సూది ఉందా’ అని అడగండి. లేదంటే ఉన్న చోటికే నేరుగా వెళ్లండి.

పడుకోబెట్టాల్సి వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వాంతి అయినా గొంతులోకి పోదు, లాలాజలం బయటికి కారుతుంది. దారి పొడుగునా మాట్లాడిస్తూ ఉండండి. గొంతు ముక్కుతో మాట్లాడినట్టు మారుతోందా, ఒకటి రెండుగా కనిపిస్తోందంటున్నాడా, తల నిలబెట్టలేకపోతున్నాడా చూడండి. ఒక్క గుక్కలో ఎంతవరకు లెక్కపెట్టగలడో ప్రతి పది నిమిషాలకూ పెట్టించండి. మొదట 30 దాకా వెళ్లినవాడు 20 దాటలేకపోతే, తర్వాత 12 దగ్గరే ఆగిపోతే ఊపిరి కండరాలు చచ్చుబడుతున్నట్టే.

ఊపిరి ఆగిపోయి నాడి కొట్టుకుంటూనే ఉంటే అది అంతం కాదు. ఇది జాగ్రత్తగా గుర్తుంచుకోండి. నరాల విషంలో గుండె బాగానే ఉంటుంది, ఆగింది ఛాతీ కండరాలే. తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి 5-6 సెకన్లకొకసారి ఊదుతూ పోండి. ఛాతీ పైకి లేవాలి. ఆసుపత్రి గేటు దాకా అలా ఊపిరి అందిస్తూ తెస్తే వెంటిలేటర్ మీద కొన్ని రోజులు ఉండి మామూలు మనిషిగా లేచి వెళ్లే అవకాశం ఉంటుంది. నాడి కూడా దొరక్కపోతే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టండి.

పీహెచ్‌సీలో: మొదటి పావుగంట

ఇక్కడి నుంచి వైద్య సిబ్బందికి.

ఎప్పటిలాగే ముందు శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ చూడండి. నోట్లో చొంగ చేరుతుంటే సక్షన్ చేయండి, ఆక్సిజన్ పెట్టండి, కరవని చేతికి పెద్ద ఐవీ క్యాన్యులా వేయండి. వీలైతే రెండు లైన్లు వేయండి. రక్తపింజర అనుమానం ఉంటే నొక్కి ఆపలేని చోట, మెడలోనో తొడ మొదట్లోనో సూది గుచ్చకండి. విరుగుడు ఎక్కి రక్తం గడ్డకట్టేదాకా కండరానికి ఇచ్చే సూదులన్నీ ఆపండి, టీటీతో సహా. రియాక్షన్ వస్తే ఇచ్చే అడ్రినలిన్ ఒక్కదానికి మినహాయింపు.

తర్వాత కనురెప్పలు చూడండి. ‘పైకి చూడు, రెప్ప కొట్టకు’ అని చెప్పి అర నిమిషం చూస్తే తొలి దశలో ఉన్న వాలు కూడా బయటపడుతుంది. పడుకోబెట్టి తల ఎత్తించండి. 5 సెకన్లు తల ఎత్తి ఉంచలేని రోగి దగ్గర నుంచి అంబు బ్యాగ్ దూరంగా పెట్టకండి. చిగుళ్లు, మూత్రం రంగు, సూది గుచ్చిన చోట కారుతున్న రక్తం, చంకలో లేదా గజ్జల్లో బిళ్ల కట్టడం, వాపు పైఅంచు, అన్నీ టైముతో సహా కేసు షీటులో రాయండి.

గాజు గొట్టం పరీక్ష

రక్తం మీద పనిచేసే విషాన్ని కనిపెట్టడానికి ల్యాబ్ అవసరం లేదు. కొత్త, శుభ్రమైన, పొడి గాజు టెస్ట్‌ట్యూబ్‌లోకి సిర నుంచి తీసిన తాజా రక్తం 2 మి.లీ. పోయండి. గది వేడిలో 20 నిమిషాలు కదపకుండా నిలబెట్టండి. మధ్యలో వంచి చూడకండి. 20 నిమిషాలయ్యాక ఒకే ఒక్కసారి వంచండి. గడ్డ నిలిచి ఉంటే సరే. నీళ్లలా జారితే పింజర విషం ఒంట్లో ఉన్నట్టే, విరుగుడు మొదలుపెట్టాలి.

పరీక్ష ఇంతే, కానీ తప్పు జరిగేది దాదాపు ఎప్పుడూ గొట్టంతోనే. ప్లాస్టిక్ గొట్టంలో మామూలు రక్తం కూడా సరిగ్గా గడ్డకట్టదు, ఎందుకంటే గడ్డకట్టే చర్యను మొదలుపెట్టేది గాజు గోడ తాకిడే. సర్ఫుతో కడిగి ఆరబెట్టిన గాజు గొట్టంలోనూ అదే ఇబ్బంది, గోడకు పట్టిన సబ్బు పొర ఆ తాకిడిని అడ్డుకుంటుంది. అప్పుడు విషం లేని మనిషికి పది వయల్స్ (చిన్న మందు సీసాలు) విరుగుడు ఎక్కుతుంది. అనుమానం వస్తే పక్కన ఆరోగ్యంగా ఉన్న బంధువు రక్తం అదే రకం గొట్టంలో పోసి పోల్చి చూడండి.

గడ్డకట్టింది కదా అని మొదటి పరీక్షతో ఇంటికి పంపకండి. మొదటి 3 గంటలు గంటకోసారి, ఆ తర్వాత 24 గంటల వరకు 6 గంటలకోసారి చేయండి. పాముకాటుతో వచ్చిన ఎవరినైనా ఏ లక్షణమూ లేకపోయినా 24 గంటలు ఉంచుకోవాలి.

విరుగుడు: ఎవరికి, ఎంత, ఎలా

కోరల గుర్తులు మాత్రమే కనిపిస్తే విరుగుడు ఇవ్వకండి. గుర్రాల రక్తం నుంచి తీసే మందు అది, రియాక్షన్ రావచ్చు, పైగా నిల్వ ఎప్పుడూ అంతంత మాత్రమే. ఇవ్వాల్సింది వీటిలో ఒక్కటి ఉన్నా సరే: కనురెప్పలు వాలడం లేదా ఇతర పక్షవాత లక్షణం, 20 నిమిషాల్లో గడ్డకట్టని రక్తం, ఎక్కడి నుంచైనా దానంతట అది కారే రక్తం, బీపీ పడిపోవడం, మూత్రం నల్లబడటం లేదా తగ్గడం, తాడు కట్టకుండానే కాలిలో లేదా చేతిలో సగం దాటిన వాపు, కొద్ది గంటల్లో మణికట్టు లేదా చీలమండ దాటి పాకిన వాపు.

మొదటి మోతాదు 10 వయల్స్. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందంటే, రక్తపింజర ఒక కాటులో సగటున 63 మి.గ్రా. విషం దింపుతుంది. ఒక మి.లీ. విరుగుడు 0.6 మి.గ్రా. రక్తపింజర విషాన్ని కట్టడి చేస్తుంది. వయల్‌కు 10 మి.లీ. చొప్పున పది వయల్స్ అంటే 60 మి.గ్రా.కు సరిపడే మందు. పిల్లలకూ ఇదే మోతాదు. పాము చిన్న ఒంటిని చూసి తక్కువ విషం దింపదు కదా. బరువును బట్టి తగ్గించి ఇవ్వడం పిల్లల విషయంలో జరిగే పెద్ద పొరపాటు. గర్భిణులకూ ఇంతే.

కలిపే పద్ధతి ఇది. ఒక్కో వయల్‌లో 10 మి.లీ. స్టెరైల్ వాటర్ పోసి, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించండి. గట్టిగా ఊపితే నురుగు కట్టి మందు అందులోనే చిక్కుకుపోతుంది. పొడి కరగడానికి టైము పడుతుంది, అందుకని ఒక్కరే పది వయల్స్ కలుపుతూ కూర్చోకుండా ఇద్దరు ముగ్గురు పంచుకోండి. 100 మి.లీ. మందును 150 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కలిపితే మొత్తం 250 మి.లీ. మి.లీ.కు 20 చుక్కల సెట్ అయితే మొదటి 10 నిమిషాలు నిమిషానికి 20 చుక్కలు, రియాక్షన్ లేకపోతే ఆ తర్వాత నిమిషానికి 95 చుక్కల దాకా పెంచండి. గంటలో పూర్తవుతుంది. ఊపిరి జారిపోతున్న రోగికి అరగంటలోనే ఎక్కించవచ్చు. పది కిలోల బిడ్డకు మందే 100 మి.లీ. అవుతుంది, ఇంకా పెద్దగా పల్చన చేయకండి.

చర్మం మీద టెస్ట్ డోస్ వేయకండి. దాంతో రాబోయే రియాక్షన్ తెలియదు, టైము పోతుంది. కాటు చుట్టూ విరుగుడు పొడవకండి. నొప్పి, వాపు పెరగడం తప్ప అక్కడ ఉపయోగం లేదు.

ఆ తర్వాతి మోతాదు కాటు రకాన్ని బట్టి. రక్తం గడ్డకట్టని రోగికి 6 గంటల తర్వాత గాజు గొట్టం పరీక్ష మళ్లీ చేయండి. ముందే చేస్తే మోసపోతారు. విరుగుడు విషాన్ని పట్టేసినా, ఖర్చైపోయిన గడ్డకట్టే పదార్థాలను కాలేయం మళ్లీ తయారుచేయడానికి దాదాపు అన్ని గంటలు పడుతుంది. అప్పటికీ గడ్డకట్టకపోతే మళ్లీ ఇవ్వండి. ఎక్కువమందికి మొత్తం 30 వయల్స్ లోపే సరిపోతుంది. విరుగుడు ఇవ్వకుండా ప్లాస్మా ఎక్కించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. ఉన్న విషం ఆ ప్లాస్మానూ తినేస్తుంది.

నరాల విషంలో ఒక గంట చూసి, తగ్గకపోతే లేదా ముదిరితే ఇంకో 10. మొత్తం 20 దాటాక ఇక విరుగుడుతో లాభం లేదు, ఊపిరి అందించడమే వైద్యం.

రియాక్షన్ వస్తే

మందు వేలాడదీసే ముందే అడ్రినలిన్ సిరంజిలోకి తీసి, పేరు రాసి, మంచం పక్కన పెట్టండి. 1:1000 బలం మందు పెద్దలకు 0.5 మి.లీ., పిల్లలకు కిలోకు 0.01 మి.లీ. అంటే 20 కిలోల బిడ్డకు 0.2 మి.లీ.

మొదటి గంటంతా ఒక మనిషి మంచం దగ్గరే ఉండాలి. దురద, దద్దుర్లు, వణుకు, కడుపులో మెలిపెట్టడం, దగ్గు, బీపీ తగ్గడం, పెదవులు ఉబ్బడం, వీటిలో ఏది కనిపించినా మూడు పనులు: డ్రిప్ ఆపండి, అడ్రినలిన్‌ను తొడ బయటి పక్క మధ్యలో కండరానికి ఇవ్వండి, కాళ్లు పైకెత్తి సెలైన్ వదలండి. ఐదు నిమిషాల్లో తేరుకోకపోతే అదే మోతాదు మళ్లీ. అలర్జీ తగ్గించే ఎవిల్, హైడ్రోకార్టిజోన్ ఆ తర్వాత ఇవ్వండి. చాలాచోట్ల వరుస తలకిందులవుతోంది. దద్దుర్లు చూడగానే ముందు ఎవిల్, హైడ్రోకార్టిజోన్ ఇచ్చి, అడ్రినలిన్‌కు భయపడి ఆగుతారు. హైడ్రోకార్టిజోన్ పనిచేయడానికి గంటలు పడుతుంది, గొంతు మూసుకుపోవడానికి నిమిషాలు చాలు.

రోగి కుదుటపడ్డాక విరుగుడు తిరిగి మొదలుపెట్టండి, 10-15 నిమిషాలు నెమ్మదిగా, తర్వాత మామూలు వేగంలో. రియాక్షన్ వచ్చింది కాబట్టి ఇక వద్దు అని సీసా తీసేయకండి. విషం ఇంకా ఒంట్లోనే ఉంది.

కనురెప్పలు వాలినప్పుడు

విరుగుడు ఎక్కుతుండగానే అట్రోపిన్ 0.6 మి.గ్రా. సిరలోకి ఇచ్చి, వెంటనే నియోస్టిగ్మిన్ 1.5 మి.గ్రా. ఇవ్వండి. 0.5 మి.గ్రా. ఉన్న ఆంపుల్స్ అయితే మూడు. పిల్లలకు అట్రోపిన్ కిలోకు 0.05 మి.గ్రా., నియోస్టిగ్మిన్ కిలోకు 0.04 మి.గ్రా. అట్రోపిన్ లేకుండా నియోస్టిగ్మిన్ ఒక్కటే ఇస్తే గుండె వేగం పడిపోతుంది, చొంగ పొంగుతుంది. ముందూ తర్వాతా రెప్పల మధ్య సందు, నోరు ఎంత తెరుస్తున్నాడు, ఒక్క గుక్కలో లెక్క, ఇవి పది నిమిషాలకోసారి కొలవండి.

నాగుపాము కాటైతే అరగంటలో కళ్లు తెరవడం మీరే చూస్తారు. ఆ విషం కండరం వైపు తలుపులకు అడ్డం పడుతుంది, నియోస్టిగ్మిన్ ఆ అడ్డును నెట్టేస్తుంది. అప్పుడు నియోస్టిగ్మిన్ 0.5 మి.గ్రా. అట్రోపిన్‌తో కలిపి అరగంటకోసారి కొనసాగించండి. కట్లపాము విషం నరం చివరనే పాడుచేస్తుంది. అది మళ్లీ పెరగడానికి రోజులు పడుతుంది. అందుకని మూడు మోతాదులకూ మార్పు లేకపోతే ఆపేసి, వెంటిలేటర్ మీద దృష్టి పెట్టండి.

గొంతులోకి ఊపిరి ట్యూబ్ వేయడానికి ఆక్సిజన్ శాతం పడిపోయేదాకా ఆగకండి, పడేది చివర్లోనే. తల ఎత్తలేకపోవడం, ఉమ్మి మింగలేకపోవడం, గుక్క లెక్క వేగంగా పడిపోవడం చాలు. ట్యూబ్ వేయగల మనిషి లేకపోతే అంబు బ్యాగ్‌తో ఇద్దరు కలిసి చేయండి. ఒకరు రెండు చేతులతో మాస్కు ముఖానికి గట్టిగా ఆనించి గడ్డం పైకి లాగాలి, ఇంకొకరు 5-6 సెకన్లకొకసారి ఛాతీ లేచేంత మాత్రమే నొక్కాలి. గాభరాలో గబగబా నొక్కితే గాలి పొట్టలోకి పోయి వాంతి అవుతుంది.

ఇంకొక్క విషయం, దీన్ని ప్రతి ఐసీయూ గోడ మీదా రాసిపెట్టుకోవాలి. కట్లపాము కాటులో రోగి కళ్లు తెరవడు, చెయ్యి కదపడు, కంటిపాపలు పెద్దవై లైటు వేసినా కదలవు. అచ్చం మెదడు చనిపోయినట్టే కనిపిస్తాడు. కానీ మీ మాటలు వింటూ ఉండవచ్చు. విషం కంటిపాప కండరాన్నీ చచ్చుబరుస్తుంది కాబట్టి ఆ గుర్తును పట్టుకుని ఆశ వదులుకోకండి, బంధువులకు ‘ఇక లేదు’ అని చెప్పకండి. పేరు పెట్టి పిలవండి, ఏం చేయబోతున్నారో చెప్పి చేయండి, నిద్రమందు తగినంత ఇవ్వండి, కళ్లు ఎండిపోకుండా మందు వేసి టేపు అంటించండి.

రక్తపింజర కాటులో కిడ్నీ

రక్తం గడ్డకట్టడం మొదలైతే సగం గండం గడిచినట్టే. మిగతా సగం మూత్రంలో ఉంది. క్యాథెటర్ వేసి గంట గంటకూ కొలవండి. కిలోకు గంటకు 0.5 మి.లీ. కంటే తగ్గితే లేదా నల్ల టీ రంగులో వస్తే క్రియాటినిన్, పొటాషియం చూడండి, డయాలసిస్ ఉన్నచోటికి పంపే ఏర్పాటు ఆ పూటే చేయండి. మూత్రం రావట్లేదని ఫ్రూసెమైడ్ మీద ఫ్రూసెమైడ్ ఇస్తూ రోజులు గడపకండి, దాంతో కిడ్నీ బాగుపడదు. చెంపల కింద ఉబ్బి, కంటి తెల్లగుడ్డు పొర నీరు పట్టి, బీపీ పడుతుంటే రక్తనాళాలు కారుతున్నాయని అర్థం. అప్పుడు సెలైన్ గుడ్డిగా పోస్తే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. కొద్దికొద్దిగా ఇచ్చి, ప్రతిసారీ ఛాతీ విని చూడండి.

వాచిన కాలిని చూసి సర్జన్ కత్తి తీయడానికి తొందరపడకూడదు. పాముకాటు వాపు చాలా భయంకరంగా కనిపిస్తుంది, కానీ ఎక్కువ భాగం చర్మం కిందే ఉంటుంది, లోపలి కండరాల పెట్టెల్లో ఒత్తిడి పెరిగినట్టు కాదు. రక్తం గడ్డకట్టకముందే కోస్తే ఆగని రక్తస్రావం. లోపలి ఒత్తిడి కొలిచి, రక్తం కుదిరాక మాత్రమే ఆ నిర్ణయం.

పంపించేటప్పుడు

పీహెచ్‌సీ నుంచి పై ఆసుపత్రికి పంపాల్సి వస్తే మొదటి 10 వయల్స్ మొదలుపెట్టకుండా పంపకండి. రెండు గంటల ప్రయాణం విరుగుడు లేకుండా చేయిస్తే రెండు గంటల విషాన్ని ఊరికే వదిలేసినట్టే. అంబులెన్స్‌లో అంబు బ్యాగ్, మాస్కు, ఆక్సిజన్, సక్షన్, అడ్రినలిన్ ఉండాలి. వాటిని వాడటం వచ్చిన మనిషి కూడా ఉండాలి. కాగితం మీద కరిచిన టైము, తాడు కట్టారా, విప్పింది ఎప్పుడు, ఎన్ని వయల్స్ ఏ టైముకు, గాజు గొట్టం ఫలితాలు, నియోస్టిగ్మిన్‌కు వచ్చిన మార్పు రాయండి. అవతలి డాక్టరుకు ఫోన్ చేసి వెంటిలేటర్ ఖాళీ ఉందని తెలుసుకున్నాకే బండి కదలాలి.

ఇంటికి పంపే రోజున రోగికి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. వారం అటూ ఇటూగా జ్వరం, కీళ్లనొప్పులు, దద్దుర్లు వస్తే అది విరుగుడు వల్ల ఆలస్యంగా వచ్చే రియాక్షన్, మళ్లీ కాటు విషం ఎక్కడం కాదు. వచ్చి చూపించుకోవాలి, మందుతో తగ్గుతుంది. గాయం నల్లబడినా, చీము పట్టినా, మూత్రం తగ్గినా అదే రోజు రావాలి. రక్తపింజర కాటు తిన్నవాళ్లలో కొందరికి నెలలు గడిచాక తీరని నీరసం, చలి తట్టుకోలేకపోవడం, ఆడవాళ్లలో నెలసరి ఆగిపోవడం కనిపిస్తాయి. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతినడమే కారణం. ఆ రోజు ఎవరైనా ‘ఒంట్లో రక్తం లేదు’ అని టానిక్ రాసి పంపేస్తే, తనను ఫలానా నెలలో పాము కరిచిందని రోగి గుర్తుచేయగలగాలి. కాబట్టి డిశ్చార్జ్ కాగితం మీద పాముకాటు అన్న మాట పెద్ద అక్షరాల్లో రాసి, దాచుకోమని చెప్పండి.